గాజువాక ఆటోనగర్‌లో ఒక పగలు

తునిలో రత్నాచల్ రైలు ఎక్కుతుంటే పక్క సీటాయన మా గోనెసంచి వంక అనుమానంగా చూశాడు. లోపల ఉన్నవి మా బావ టిప్పర్‌కి విప్పిన పాత టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది), పాత సెల్ఫ్ మోటారు (ఇంజన్‌ని స్టార్ట్ చేసేది). టర్బోలో ఆయిల్ ఆపే సీళ్లు పోయి బండి నీలంపొగ కక్కుతోంది. సెల్ఫ్ సంగతి సరేసరి, రోజూ నలుగురు తోస్తేగానీ బండి కదలడం లేదు. రెండిటికీ బదులు వేరేవి కొనడానికి గాజువాక ఆటోనగర్ బయల్దేరాం. "నంబర్లు రాసుకెళ్తే సరిపోదా బావా?" అన్నాను. "సామాను పక్కన సామాను పెట్టి చూస్తేగానీ నాకు నమ్మకం కుదరదు" అన్నాడు.

ఆటోనగర్ పనికి విశాఖ స్టేషన్ దాకా పోనక్కర్లేదు. దువ్వాడలో దిగి ఆటో ఎక్కితే కూర్మన్నపాలెం మీదుగా గాజువాక. దారంతా పోర్టు కంటైనర్లు, స్టీల్‌ప్లాంటు నుంచి చువ్వలు, వైర్ రాడ్ చుట్టలు మోసుకొచ్చే ట్రైలర్లు. ఇన్ని లారీలు తిరిగే చోట లారీ సామాను బజారు పెద్దదే ఉంటుంది. నిజం సామానూ ఉంటుంది, వేషం వేసిన సామానూ ఉంటుంది.

మొదట వెళ్లిన షాపులో సెల్ఫ్ మోటారు అడగ్గానే కంపెనీ అట్టపెట్టె దించారు. నల్లగా నిగనిగలాడిపోతోంది. "సీల్డ్ పీసండీ, ఇప్పుడే వచ్చింది" అన్నాడు కౌంటర్ మీదున్న కుర్రాడు. బావ ధర అడగలేదు. మోటారు తిరగేసి, ఇంజన్‌కి బిగించే చెవుల దగ్గర ఫోన్ లైటు వేశాడు. బోల్టు కన్నం చుట్టూ వాషరు నొక్కుకున్న గుండ్రటి అచ్చు, దాని మీదే పెయింటు. అంటే ఇది ఎప్పుడో ఒక బండికి బిగిసి వచ్చిందన్నమాట. కరెంటు తీగ తగిలించే రాగి బోల్టు మరల్లో కూడా నల్లరంగు దిగింది. మోటారు కొనన ఉండే చిన్న పళ్లచక్రం, అదే పినియన్, దాని పళ్లయితే మా పాతదాని పక్కన పెట్టగానే బయటపడిపోయాయి. మావి బాగా అరిగి ఉన్నాయి, అవి కొంచెం తక్కువ అరిగి ఉన్నాయి, అంతే తేడా. కంపెనీలో టెస్టింగ్‌కి తిప్పినంత మాత్రాన పళ్ల కొనలు చితకవు. ఇంజన్‌కి ఉండే పెద్ద చక్రం ఫ్లైవీల్ పళ్లకి కొట్టుకుంటేనే అలా అవుతాయి. చివరికి ప్లేటు మీది నంబరు, పెట్టె మీది నంబరు కూడా కలవలేదు.

"స్టాకే అలా వచ్చిందండీ" అన్నాడు కుర్రాడు. బావ గొడవ పడలేదు, మోటారు మళ్లీ పెట్టెలో పెట్టి ఇచ్చేశాడు. నాకైతే రెండు మాటలు అనాలనిపించింది.

బయటికొచ్చాక బావ చెప్పింది ఒకటే: ఒంటి మీద రంగు ఎవడైనా వేస్తాడు, ఇనుము ఇనుముకి తగిలే చోటు చూడు. బోల్టు కన్నాలు, బిగింపు ముఖాలు, మరలు, పళ్లు, స్ప్లైన్లు (ఇరుసు మీది గాడులు), ఇవి అబద్ధం చెప్పవు. బోల్టు తలల మూలలు పానా జారి గుండ్రబడ్డాయా, నంబరు ప్లేటు రివెట్లు మార్చారా, గాస్కెట్ అంచు మీదికి రంగు ఎక్కిందా అన్నవి ఆ తర్వాత. తుప్పుని మాత్రం నమ్మకూడదు. ఈ సముద్రపు గాలికి పెట్టె విప్పి అరలో ఉంచిన కొత్త సామాను మీద కూడా ఎర్రపొడి లేస్తుంది. తుప్పు ఉందని పాతదీ కాదు, లేదని కొత్తదీ కాదు.

సెల్ఫ్ మోటారు కంపెనీ డీలరు దగ్గరే తీసుకున్నాం. లేబుల్ మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం చూసుకున్నాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలావాటికి 28 ఉండేది. ఇప్పుడు కూడా బిల్లు లేకపోతే తగ్గిస్తామనే షాపులున్నాయి. అలా తీసుకుంటే రేపు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

టర్బోకి మాత్రం కొత్తది కొనే స్తోమత లేదని బావ ముందే అనుకున్నాడు. భోజనం చేసి, వెనక వీధిలో టర్బోలు బాగుచేసే షెడ్డుకి వెళ్లాం. మేస్త్రి అరవై దాటిన మనిషి. మేం అడగకముందే, "ఇది కొత్తది కాదు బాబూ, నేను కట్టినదే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సగం టెన్షన్ తగ్గింది.

విప్పిన టర్బో ఒకటి చూపించాడు. ఎగ్జాస్ట్ వైపు పోత ఇనుము వేడికి గోధుమరంగు తిరుగుతుంది, లోపల మసి పడుతుంది. మోసం చేసేవాళ్లు ఇసకతో బ్లాస్టింగ్ చేసి వెండిరంగు కొట్టేస్తారు. లోపలి బేరింగులు, సీళ్లు ముట్టుకోరు. "అందుకే పైన సూడకండి, లోపల వేలు పెట్టి సూడండి" అన్నాడు. గాలి పీల్చే వైపు చక్రం రెక్కల అంచులు దుమ్ము కొట్టి గరుకెక్కి ఉంటే ఆ చక్రం బాగా తిరిగినదే. తర్వాత చక్రం బిగించి ఉన్న ఇరుసు, అదే షాఫ్ట్, పట్టుకుని ఊపమన్నాడు. అటూ ఇటూ కొద్దిగా ఊగింది. నేను కంగారుపడ్డాను. ఆయన నవ్వాడు. ఈ బేరింగులు ఆయిల్ పొర మీద తేలతాయి కాబట్టి ఆయిల్ లేనప్పుడు ఆ మాత్రం ఊగడం మామూలే, రెక్కలు గోడకి తగలకూడదంతే. షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరుగుతున్నట్టు చేతికి తెలిస్తే మాత్రం తీసుకోకూడదు. మా పాతదాన్ని పట్టుకుంటే టకటకమని జరిగింది. ఆయన కట్టినది కదల్లేదు.

బాగుచేసిన సామానంటే చిన్నచూపు అక్కర్లేదు. టాటా మోటార్స్ కూడా పాతది తీసుకుని రీకండిషన్ చేసినది ప్రోలైఫ్ పేరుతో ఇస్తుంది. కాకపోతే బ్రేకు, స్టీరింగ్ సామాను మాత్రం నేనైతే కొత్తదే కొంటాను. టర్బో పోతే బండి ఆగిపోతుంది, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ ఎండ్ ఊడితే బండి ఆగదు.

బేరం కొత్తదాని ధరలో సగం దగ్గర తెగింది. పాతది ఎక్స్ఛేంజి కింద ఇచ్చేశాం. బిల్లు మీద "రీకండిషన్డ్, ఆరు నెలలు" అని రాయమంటే మేస్త్రి వెంటనే రాసి, కింద ఇంకో వాక్యం తనే కలిపాడు: ఆయిల్ పైపు కడగకుండా, ఆయిలూ ఫిల్టర్లూ మార్చకుండా బిగిస్తే వారంటీ లేదు. ఇంజన్ లేపే ముందు టర్బోలో చేత్తో ఆయిల్ పోయాలని విడిగా నోటితో చెప్పాడు. బావ ఎదురు షాపులో ఆయిల్ డబ్బా, రెండు ఫిల్టర్లు కొన్నాడు. వాటిక్కూడా బిల్లు అడిగి తీసుకుని, గాజువాకలోనే తుని బస్సెక్కాం.