నాన్న నోటుబుక్కులో రేడియో రాగం

హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఆదివారం, 2014 అక్టోబరు 12న, విజయనగరంలో మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. అంతకు ముందు మంగళవారమే పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. చుట్టాలు ఇంకా పూర్తిగా వెళ్లలేదు. అటక మీద నాన్న ట్రంకు పెట్టె ఉంది. ఆయన పోయి అప్పటికి ఐదేళ్లు. పెట్టె నిండా ఆయన సంగీతం నోటుబుక్కులు, మొత్తం పద్నాలుగు. అటక మీదికి నీళ్లు ధారగా పడుతుంటే అమ్మ ఒకటే మాట అంది: "బియ్యం తడిస్తే తడిసేయి, ముందు ఆ కాయితాలు చూడమ్మా."

చూసేసరికి ఆలస్యమైపోయింది. పెట్టె మూత తుప్పు పట్టి ఒక మూల కన్నం పడింది. నీళ్లు అందులోంచే లోపలికి దిగాయి.

తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను కింద ఆరబెడదామంటే ఫ్యాను లేదు. వరండాలో చాపలు పరిచి, అంటుకుపోయిన కాయితాల మధ్య చీపురు పుల్ల దూర్చి, ఒక్కొక్కటీ విడదీశాను. అప్పుడు తెలిసింది నాకు, ఇంకుతో రాసినవన్నీ నీలం మరకలైపోయాయని, పెన్సిల్‌తో రాసినవి రాసినట్టే ఉన్నాయని. నాన్న సాహిత్యం ఇంకుతో రాసేవారు, స్వరాలు పెన్సిల్‌తో. స్వరం మళ్లీ మళ్లీ దిద్దుకోవలసి వస్తుందని ఆయన అలవాటు. అందుకని మాటలు పోయి స్వరాలు మిగిలిన పేజీలు నా దగ్గర చాలా ఉన్నాయి. పద్నాలుగింటిలో తొమ్మిది బతికాయి.

ఆ తొమ్మిదింటిలో ఒకదాని వెనక అట్ట లోపలివైపు నాలుగు వరుసల స్వరాలు కనిపించాయి. పైన పెన్సిల్‌తోనే, "రేడియో పాట. శివరంజని. ఎవరు కట్టారో?" అని ఉంది.

రేడియో పాట అంటే మీకందరికీ తెలిసినదే. ఆకాశవాణి తెల్లవారుజామున మొదలయ్యేటప్పుడు తంబూరా శ్రుతి మీద ఫిడేలు పలికే ఆ చిన్న ముక్క. తర్వాత వందేమాతరం, ఆ తర్వాత మంగళవాద్యం. విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చింది. నేను పుట్టేనాటికే మా ఇంట్లో మర్ఫీ రేడియో ఆ స్టేషన్ దగ్గరే స్థిరపడిపోయి ఉండేది.

నాన్న హరికథలకి ఫిడేలు వాయించేవారు. రాజాం, పాలకొండ, చీపురుపల్లి, సాలూరు, ఎక్కడ కథ ఉంటే అక్కడికి. కథ తెల్లవార్లూ సాగేది. మొదటి బస్సు పట్టుకుని గంటస్తంభం దగ్గర దిగి, ఫిడేలు పెట్టె భుజాన వేసుకుని నడిచొచ్చేవారు. ఆయన గుమ్మంలోకి వచ్చే వేళకి ఒక్కోరోజు సరిగ్గా ఆ ముక్క మోగుతూ ఉండేది. చెప్పులు కూడా విప్పకుండా అలాగే నిలబడి వినేవారు. రాత్రంతా వాయించి వచ్చిన మనిషి అది అయ్యేదాకా కూర్చోడు!

"అమ్మడూ, గాంధారం చూసేవా? ఆ ఒక్క గాంధారం పైకి జరిపితే మోహన. ఇలా ఉంచితే శివరంజని. అంత తేడా." నాకు రాగాలు అలాగే వచ్చాయి. చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం. ఖరహరప్రియ జన్యం, అంటే దాంట్లోంచి పుట్టిన రాగం, అని తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను కానీ, నాకది నాన్న చెప్పులతో గుమ్మంలో నిలబడిన రాగం.

తుఫాను అయ్యాక ఆ అట్ట చూసి, ఆయన ప్రశ్నకి జవాబు నేను వెతకాలనిపించింది. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, సంగీతం నా వృత్తి కాదు. అయినా ప్రశ్న మా నాన్నది.

సంగీత చరిత్ర రాసేవాళ్లు ఆ ముక్క కట్టినది వాల్టర్ కౌఫ్‌మన్ అని చెబుతారు. 1936లో కట్టారంటారు. ఆ తీగల మీద పలికింది మెహ్లీ మెహతా గారి చెయ్యి అని కూడా అంటారు. పెద్ద పెద్ద వాద్యబృందాలని నడిపించిన జుబిన్ మెహతాకి తండ్రి ఆయన. కౌఫ్‌మన్ మన దేశం వారు కాదు. 1907లో కార్ల్స్‌బాద్‌లో పుట్టారు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, ఇప్పుడు చెక్ దేశంలో కార్లోవీ వారీ. జర్మన్ మాట్లాడే యూదు కుటుంబం. బెర్లిన్‌లో ఫ్రాంజ్ ష్రేకర్ దగ్గర స్వరరచన నేర్చుకున్నారు. ప్రాగ్‌లో డాక్టరేట్ కోసం థీసిస్ కూడా పూర్తి చేశారు. తీరా తన ప్రొఫెసర్ నాజీల వైపు ఉన్నాడని తెలిసి, ఆ చేతి మీదుగా వచ్చే డిగ్రీ నాకు వద్దన్నారు. ఇది చదివిన రోజు నాకు సాయంత్రం వంట మీద ధ్యాస లేదు. మా ఇంట్లో డిగ్రీ కోసం ఎంత తపన పడతామో నాకు తెలుసు.

1934లో బొంబాయిలో దిగారు. ఇండియాకే ఎందుకు అంటే, వీసా తేలిగ్గా దొరికింది గనక. అదే ఆయన చెప్పిన కారణం. భార్య గెర్టీ, రచయిత కాఫ్కాకి మేనకోడలు. కొన్నాళ్లు అనుకున్నది పన్నెండేళ్లయింది.

నేను ఆగిపోయింది ఇంకో చోట. మొదటిసారి మన సంగీతం రికార్డుల మీద విన్నప్పుడు ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కొత్తగా, దూరంగా అనిపించింది. ఇది బాగోలేదు అనేసి ఊరుకోవచ్చు. అప్పట్లో చాలామంది తెల్లవాళ్లు అలాగే అన్నారు. ఈయన మాత్రం ఇలా ఆలోచించుకున్నానని తర్వాత రాసుకున్నారు: మనసూ తెలివీ ఉన్న మనుషులు కట్టిన సంగీతం ఇది, లక్షల మంది దీన్ని ప్రేమిస్తున్నారు, అలాంటప్పుడు లోపం నాలోనే ఉండాలి, అది పుట్టిన చోటికే వెళ్లి నేర్చుకోవాలి. ఇల్లూ వాకిలీ వదిలి పరాయి దేశంలో బతుకు వెతుక్కుంటున్న మనిషి, తెలియనిది ఎదురైతే ముందు తన చెవినే అనుమానించాడు. నాన్న కూడా అంతే. కొత్త హరిదాసు గారి బాణీ పట్టుబడకపోతే, "నా చెవి ఇంకా వెళ్లలేదు అక్కడికి" అనేవారు.

బొంబాయిలో ఆయన చాంబర్ మ్యూజిక్ సొసైటీ పెట్టారు. నలుగురైదుగురు కలిసి తీగ వాద్యాల కచేరీలు చేసేవారు. అందులో మెహ్లీ మెహతా ఫిడేలు, కౌఫ్‌మన్ పియానో. 1937 నుంచి 1946 దాకా ఆకాశవాణి బొంబాయిలో పాశ్చాత్య సంగీత విభాగం చూశారు. రేడియో కోసం 'అనసూయ' అని ఒక ఆపెరా, అంటే పాటలతో సాగే నాటకం, కూడా రాశారు.

1936 అంటే విజయనగరం వాళ్లకి ఇంకో గుర్తు ఉంటుంది. ఆ ఏడాదే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇక్కడి మహారాజా సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1919లో విజయరామ గజపతి గారు కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, నాయుడు గారు ఫిడేలు ఆచార్యులు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. విద్యార్థిగా చేరడానికి వస్తే, వాయించిన తీరు చూసి గురువుగా తీసుకున్నారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా నాన్న ఆయన శిష్యుల దగ్గర నేర్చుకున్నారు. నాయుడు గారికి పాశ్చాత్యులు ఫిడేలు మీద కమాను లాగే పనితనం మీద గౌరవం ఉండేదని, కమాను పొడుగునా లాగి స్వరం నిలబెట్టడం ఆ గౌరవంలోంచే వచ్చిందని నాన్న చెప్పేవారు. అటు బొంబాయిలో ఒక పాశ్చాత్యుడు శివరంజని పట్టుకుంటున్నాడు, ఇటు మా కోట దగ్గర ఒక మహా విద్వాంసుడు పాశ్చాత్యుల కమాను గమనిస్తున్నాడు. ఒకరికొకరు తెలియకపోయినా నాకు ఇద్దరూ ఒకే గదిలో కనిపిస్తారు.

1946లో కౌఫ్‌మన్ ఇంగ్లండ్ వెళ్లారు. అక్కణ్ణించి కెనడాలో హాలిఫాక్స్. 1948లో, కొత్తగా మొదలైన విన్నిపెగ్ సింఫనీ ఆర్కెస్ట్రాకి మొదటి కండక్టర్ ఆయనే. తొమ్మిదేళ్లు నడిపారు. 1957లో అమెరికా, ఇండియానా యూనివర్సిటీలో ఆచార్యుడిగా చేరారు. బ్లూమింగ్టన్ ఊరు. 1984లో పోయేదాకా అక్కడే.

అంత దూరం వెళ్లాక కూడా మనల్ని వదల్లేదు. 1968లో ఉత్తరాది రాగాల మీద పెద్ద పుస్తకం, 1976లో దక్షిణాది రాగాల మీద ఇంకొకటి వేశారు. రెండో దానికి పేరులోనే స్వరశ్రేణుల జాబితా అని పెట్టారు. నాకా పేరు నచ్చింది. రాగమంతా రాసేశాను అనలేదు, కాయితం మీద పట్టేది ఏదో అంతవరకే చెప్పారు. ఆరోహణ అవరోహణ రాసుకోవచ్చు, స్వరాన్ని ఊపి పలికించే గమకం గురువు చేతిలోనే ఉంటుంది.

ఆయన రాతప్రతులు ఇండియానా యూనివర్సిటీ మ్యూజిక్ లైబ్రరీలో ఉన్నాయి. పోయాక చాలా ఏళ్లు ఆయన రచనలు పెద్దగా ఎవరూ వాయించలేదు. తర్వాత టొరొంటోలోని ఏఆర్‌సీ ఆన్సాంబుల్ అనే వాద్యబృందం వాళ్లు ఆ లైబ్రరీ నుంచి స్వరపత్రాలు తెప్పించుకుని, నేర్చుకుని, 2020లో ఆల్బమ్‌గా తెచ్చారు. స్ట్రింగ్ క్వార్టెట్లు, ఫిడేలు-పియానో సొనాటా. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. గమకం లేదు, అయినా అక్కడక్కడా మన స్వరాల వాసన తగులుతుంది. ఆ కాయితాలు ఎవరో దాచారు గనకే కదా ఇది నా చెవిదాకా వచ్చింది!

మా అక్క కొడుకు ఇండియానాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. బ్లూమింగ్టన్ అక్కడికి గంట ప్రయాణం. పిన్నీ, నువ్వు అడిగావని వెళ్లాను అంటూ ఒక శనివారం లైబ్రరీ బయటి నుంచి ఫోటో పంపాడు. అలాంటి చోట్ల పద్ధతి వాడే చెప్పాడు. ఏ పెట్టె కావాలో ముందుగా రాసి అడగాలి. కాయితాన్ని తినేసే ఆమ్లం లేని అట్టపెట్టెల్లో, ఫోల్డర్లలో ఉంచుతారు. చూసే గదిలోకి పెన్ను తీసుకెళ్లకూడదు, పెన్సిల్ మాత్రమే. పెన్సిల్ అనగానే నాకు మా వరండాలో చాపలు గుర్తొచ్చాయి.

బతికిన తొమ్మిదింటిలో రెండు ఇప్పుడు నా దగ్గర లేవు. దాచి పెడతాం, అందరికీ ఉపయోగపడతాయి అని ఒక సంస్థ వాళ్లు అడిగితే, నమ్మి ఇచ్చాను. రసీదు అడగడం నాకు తోచలేదు. ఏడాది తర్వాత వెళ్తే ఆ గదికి సున్నం వేశారు, పాత కాయితాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదన్నారు. నాలుగుసార్లు తిరిగాను. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, అడిగితే ఉన్నాయనే అంటాను. ఆ బాధ నాకు తగ్గలేదు.

మిగిలిన ఏడూ నేనే చూసుకుంటున్నాను. ప్రతి పేజీ ఫోటో తీశాను. మూడు చోట్ల దాచాను, ఒకటి అక్క కొడుకు దగ్గర. పుస్తకాలు పాత నూలు చీర ముక్కల్లో చుట్టి, అటక మీద కాకుండా మధ్య గదిలో, గోడకి తగలకుండా చెక్క బీరువాలో పెట్టాను. ఆదివారాలు ఒక్కో కృతి శుభ్రంగా తిరగరాస్తున్నాను. సాహిత్యం చెరిగిపోయిన చోట స్వరాల నడక చూసి అది ఏ కృతో పట్టుకోవడం లెక్క చేసినట్టే ఉంటుంది. వెనక అట్ట మీద నాన్న ప్రశ్న కింద పెన్సిల్‌తో "వాల్టర్ కౌఫ్‌మన్ గారు, నాన్నా" అని రాశాను.

ఒక్క గుర్తు మాత్రం అర్థం కాలేదు చాలాకాలం. కొన్ని స్వరాల కింద చిన్న ఇంటూ గుర్తు. తాళం కాదు, స్థాయి కాదు. ఇద్దరు ముగ్గురు విద్వాంసులకి చూపించాను, తప్పు దిద్దుకున్న గుర్తేమో అన్నారు.

మా వీధి చివర ఉన్న అమ్మాయి సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకుంటోంది. పోయిన నెల ఒక ఆదివారం దానికి పేజీ ఇచ్చి వాయించమన్నాను. ఒకసారి వాయించింది. రెండోసారి వాయిస్తూ మధ్యలో ఆగి, "టీచరమ్మా, ఈ ఇంటూ ఉన్న దగ్గరల్లా నా కమాను అయిపోతంది. ఇక్కడ తిప్పమని రాసేరు" అంది.

లోపల గదిలోంచి అమ్మ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. అమ్మాయి మొదటి నుంచి మళ్లీ ఎత్తుకుంది, ఈసారి ఇంటూ దగ్గరల్లా కమాను తిప్పుతూ.