తిన్నది చెప్పే సాక్ష్యం

నేరాల చరిత్ర ఏది చదువుతున్నా, చనిపోయిన మనిషి చివరిసారి ఏం తిన్నాడు, అది ఎవరి చేతి మీదుగా వచ్చింది అన్న వివరాల దగ్గర నేను ఆగిపోతాను. కత్తికీ తుపాకికీ దక్కిన పేరు కాఫీ కప్పుకు దక్కలేదు గానీ, నేర పరిశోధనలో రసాయన శాస్త్రం నిలదొక్కుకున్నది వంటింటి వైపు నుంచి వచ్చిన కేసులతోనే. అయితే తిండి చెప్పే సాక్ష్యానికి ఒక స్వభావం ఉంది. లోపలికి ఏం వెళ్లిందో అది చాలావరకు నిజమే చెబుతుంది. ఎప్పుడు వెళ్లిందని అడిగితే తడబడుతుంది. ఎవరు కలిపారంటే మాత్రం నోరు విప్పదు. ఈ తేడా న్యాయస్థానాలకు బోధపడడానికి చాలా కాలం పట్టింది.

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో పాషాణం, అంటే తెల్లని ఆర్సెనిక్ పొడి, ఎలుకల మందు పేరుతో సులువుగా దొరికేది. దానికి చెప్పుకోదగ్గ రుచి లేదు. చూపుకు పిండిలోనో చక్కెరలోనో కలిసిపోతుంది. తిన్నవాళ్లకు వచ్చే వాంతులు, విరేచనాలు కలరాను పోలి ఉంటాయి. 1830ల తొలినాళ్లలో ఇంగ్లండులోని ప్లమ్‌స్టెడ్‌లో జార్జ్ బోడిల్ అనే సంపన్న వృద్ధుడు కాఫీ తాగి చనిపోతే, మనవడు జాన్ మీద అనుమానం వచ్చింది. వూలిచ్ ఆయుధాగారంలో పనిచేసే జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ కాఫీని పరీక్షించి, ఆర్సెనిక్ ఉందని చూపే పసుపు పదార్థాన్ని రాబట్టాడు. తీరా విచారణ నాటికి అది చెడిపోయి జ్యూరీ కళ్లకు ఆనలేదు. మనవడు నిర్దోషిగా బయటపడ్డాడు, తర్వాత నేరం తనదేనని ఒప్పుకున్నాడు.

మార్ష్‌కు అది తగలాల్సిన చోటే తగిలింది. 1836లో ఆయన కొత్త పరీక్షను ప్రకటించాడు. అనుమానం ఉన్న పదార్థాన్ని ఆమ్లంలో కలిపి జింక్ వేస్తే, ఆర్సెనిక్ వాయు రూపంలో బయటికొస్తుంది. ఆ వాయువును సన్నని గొట్టం కొన దగ్గర వెలిగించి, మంటకు చల్లని పింగాణీ పళ్లేన్ని అడ్డం పెడితే, దాని మీద అద్దంలా మెరిసే నల్లని మరక పడుతుంది. జ్యూరీ సభ్యులకు రసాయన శాస్త్రం తెలియనక్కర్లేదు, మరక కనిపిస్తే చాలు. సూక్ష్మమైన మోతాదులను కూడా పట్టగల పరీక్ష అది.

దాని ప్రతాపం లోకానికి తెలిసింది 1840లో, ఫ్రాన్సులోని మరీ లఫార్జ్ కేసుతో. పనిమీద పారిస్ వెళ్లిన భర్త షార్ల్‌కు ఆమె కేకు పంపింది. తిన్నాక జబ్బుపడ్డాడు, ఇల్లు చేరాక ఇంకా క్షీణించాడు. ఆమె పాలు, గుడ్డు కలిపిన పానీయంలో ఏదో తెల్లని పొడి వేసి కలపడం ఇంట్లో ఉన్న ఒక మహిళ గమనించింది, ఆ పానీయంలో కొంత దాచి ఉంచింది. ఈ కేసు మొత్తంలో నాకు అందరికన్నా తెలివిగా కనిపించే మనిషి ఆ మహిళే, ఎందుకంటే దేహం పాడవుతుంది, జ్ఞాపకం మారుతుంది, దాచిన గిన్నెలోది మాత్రం అక్కడే ఉంటుంది. విచారణలో స్థానిక నిపుణులకు భర్త దేహంలో ఆర్సెనిక్ దొరకలేదు, ఆహార పదార్థాల్లో మాత్రం దొరికింది. చివరికి పారిస్ నుంచి విషాల నిపుణుడు మత్యూ ఓర్ఫిలా వచ్చి మళ్లీ పరీక్షించి, దేహంలోనూ ఉందని తేల్చాడు. ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. ప్రతివాదుల తరఫు నిపుణుడు రస్పాయ్ వచ్చేసరికి తీర్పు వెలువడిపోయింది.

ఇక హంతకుడే లేని కేసు ఒకటి ఉంది. 1858 అక్టోబరు చివర్లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ సంతలో పుదీనా బిళ్లలు తిని ఇరవై మంది దాకా చనిపోయారు, రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. చక్కెర ఖరీదైన రోజులు కాబట్టి మిఠాయిలో సున్నపురాయి, జిప్సం వంటి పొడులు కలపడం మామూలే. ఆ పొడి కోసం మిఠాయి వ్యాపారి మనిషిని పంపితే, మందుల దుకాణం యజమాని జబ్బుతో పడుకుని ఉన్నాడు. అతని సహాయకుడు వేరే పీపాలోంచి పన్నెండు పౌన్ల పొడి తూచి ఇచ్చాడు. అది ఆర్సెనిక్. బిళ్లలు చేసినవాడు పని మధ్యలోనే జబ్బుపడ్డాడు. సంతలో అమ్మే హార్డేకర్‌కు సరుకు ఎప్పటిలా లేదని అనిపించింది, కానీ ఆ వంకతో ధర తగ్గించి మరీ కొన్నాడు. తర్వాత విశ్లేషిస్తే ఒక్కో బిళ్ల ఇద్దరిని చంపగలదని తేలింది. పోలీసులకు విషమేమిటో త్వరలోనే తెలిసింది, అది వచ్చిన దారి కూడా తెలిసింది. అయినా దోషి ఎవరు? పొరపాటు పీపాలోంచి తూచినవాడా, కల్తీకి పొడి తెప్పించినవాడా, తేడా కనిపించినా బేరమాడినవాడా? తూచిన సహాయకుడి మీద, మందుల దుకాణం యజమాని మీద, పొడి తెప్పించిన వ్యాపారి మీద కేసు పెట్టారు, ఎవరికీ శిక్ష పడలేదు. 1860లో బ్రిటన్‌లో ఆహార కల్తీ చట్టం రావడానికి ఈ ఘటన ఒక ప్రధాన కారణమైంది. ఆ చట్టం మొదట్లో చాలా బలహీనమైనదన్నది వేరే కథ.

విషం లేకపోయినా కడుపు కథ చెబుతుంది. 1991లో ఆల్ప్స్ పర్వతాల్లో మంచులో దొరికిన, దాదాపు 5,300 ఏళ్ల నాటి మనిషి శవానికి ఓట్సీ అని పేరు పెట్టారు. అతను చలికో అలసటకో చనిపోయాడని మొదట అనుకున్నారు. 2001లో ఎడమ భుజంలో బాణపు మొన కనిపించింది. అతని జీర్ణాశయం ఉన్న చోటు నుంచి పైకి జరిగిపోవడంతో ఏళ్ల తరబడి ఎవరి కంటా పడలేదు. చివరికి దొరికినప్పుడు అది నిండుగా ఉంది. అడవి మేక, ఎర్ర జింక మాంసం, ఎయిన్‌కార్న్ గోధుమ, పైగా బాగా కొవ్వు. చావుకు కొద్దిసేపటి ముందే తీరిగ్గా కడుపునిండా తిన్న మనిషి అప్పటికప్పుడు ప్రాణభయంతో పరుగెడుతూ ఉండి ఉండడని పరిశోధకుల ఊహ. నాకూ అదే సబబనిపిస్తుంది, కానీ అది ఊహేనని మరిచిపోకూడదు.

అలా మరిచిపోవడం వల్ల జరిగిన అన్యాయానికి స్టీవెన్ ట్రస్కాట్ కేసు నిదర్శనం. 1959 జూన్‌లో కెనడాలోని ఒంటారియోలో పన్నెండేళ్ల బాలిక హత్యకు గురైంది. ఆ సాయంత్రం ఆమెను సైకిల్ మీద ఎక్కించుకుని వెళ్లిన పద్నాలుగేళ్ల ట్రస్కాట్‌ను అరెస్టు చేశారు. బాలిక పావు తక్కువ ఆరు ప్రాంతంలో భోజనం ముగించింది. కడుపులో మిగిలిన ఆహారాన్ని బట్టి ఆమె రాత్రి ఏడుంబావుకూ ఏడుముప్పావుకూ మధ్య చనిపోయిందని పోస్టుమార్టం చేసిన వైద్యుడు చెప్పాడు. ఆ అరగంటలో బాలికతో ఉన్నది అతనొక్కడేనన్న ప్రాసిక్యూషన్ వాదన నెగ్గి, ఆ కుర్రవాడికి ఉరిశిక్ష పడింది. తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చారు, 1969లో పెరోల్ మీద విడుదలయ్యాడు.

జీర్ణాశయం గడియారం కాదు. ఎంత తిన్నారు, అందులో కొవ్వెంత, ఒంట్లో ఎలా ఉంది, భయపడ్డారా, గాయపడ్డారా అన్నదాన్ని బట్టి జీర్ణమయ్యే వేగం గంటల తేడాతో మారుతుంది. తీవ్రమైన భయంలో దాదాపు ఆగిపోవచ్చు కూడా. అరగంట కచ్చితత్వంతో చావు వేళను చెప్పడానికి ఆ సాక్ష్యం సరిపోదని నిపుణులు చెప్పగా, 2007లో ఒంటారియో అప్పీలు కోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. మరుసటి ఏడాది 65 లక్షల డాలర్ల పరిహారం అందింది.

ఇప్పుడు జాగ్రత్తగల ఫోరెన్సిక్ వైద్యులు కడుపులో ఏముందో, ఎంత ఉందో, ఏ స్థితిలో ఉందో రాసిపెడతారు గానీ, దాన్ని మాత్రమే పట్టుకుని వేళ చెప్పరు. దాని అసలు ఉపయోగం మరోచోట ఉంది: ఇంట్లోవాళ్ల వాంగ్మూలంలో ఎక్కడా లేని భోజనం కడుపులో కనిపిస్తే, ఆ మనిషి ఇల్లు దాటాక ఎక్కడో ఆగి, ఎవరితోనో తిన్నాడని పోలీసులకు తెలుస్తుంది, వాళ్లు ఆ చోటును వెతకడం మొదలుపెడతారు.