టెన్సైల్ టెస్ట్ కర్వ్‌ని ఉన్నదున్నట్టు ఎక్కించొద్దు

నమూనాని లాగి చూసే టెన్సైల్ టెస్ట్ చేసి ల్యాబ్ ఇచ్చిన స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్‌ని నేరుగా అబాకస్ (సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్) ప్లాస్టిక్ టేబుల్‌లో పెట్టేస్తే చాలాసార్లు ఎర్రర్ కూడా రాదు. జవాబు మాత్రం తప్పొస్తుంది. ల్యాబ్ ఇచ్చేది ఇంజనీరింగ్ స్ట్రెస్ (నమూనా మొదటి కొలతలతో లెక్కించింది), టేబుల్ అడిగేది ట్రూ స్ట్రెస్ (ఆ క్షణంలో ఉన్న కొలతలతో లెక్కించింది), ప్లాస్టిక్ స్ట్రెయిన్ (లోడ్ తీసేసినా మిగిలిపోయే సాగుదల).

స్టీల్‌కి ఒక పాయింట్ చూడండి: 400 ఎంపీఏ, స్ట్రెయిన్ 0.10. ట్రూ స్ట్రెస్ 400 × 1.10 = 440. ట్రూ స్ట్రెయిన్ అంటే 1.10కి సహజ లాగరిథమ్, 0.0953. ఇందులోంచి ఎలాస్టిక్ వాటా, అంటే ట్రూ స్ట్రెస్‌ని స్టీల్ ఎలాస్టిక్ మాడ్యులస్‌తో భాగిస్తే వచ్చేది, 440 ÷ 2,10,000 = 0.0021 తీసేయాలి. మిగిలిన 0.0932 టేబుల్‌లోకి వెళ్తుంది. మొదటి వరుసలో యీల్డ్ స్ట్రెస్ (శాశ్వత సాగుదల మొదలయ్యే స్ట్రెస్) పక్కన ప్లాస్టిక్ స్ట్రెయిన్ సున్నాయే ఉండాలి.

ఈ సూత్రాలు నెక్కింగ్ (నమూనా ఒకచోట సన్నబడటం) మొదలయ్యేదాకే, అంటే ఇంజనీరింగ్ కర్వ్ శిఖరం వరకే చెల్లుతాయి. ఆ తర్వాతి పాయింట్లని ఇలా మార్చి వాడకండి. టేబుల్ చివరి విలువ దాటాక అబాకస్ స్ట్రెస్‌ని అక్కడే నిలిపేస్తుంది, మెటీరియల్ ఇక గట్టిపడదు. అందుకే ఏ రిజల్ట్ చూసినా నేను ముందు పీఈఈక్యూ (అబాకస్ చూపించే, పోగైన ప్లాస్టిక్ స్ట్రెయిన్) గరిష్ఠ విలువే చూస్తాను. అది టేబుల్ దాటితే ఆ ప్రాంతంలో స్ట్రెస్‌ని నమ్మను.

లోడ్ అటూ ఇటూ తిరిగేదైతే ఐసోట్రోపిక్ హార్డెనింగ్ (అన్ని దిశల్లో సమానంగా గట్టిపడుతుందనే మోడల్) చాలదు. బౌషింగర్ ఎఫెక్ట్ (ఒకవైపు లాగాక ఎదురువైపు ముందే యీల్డ్ అవడం) దానికి అందదు, కైనమాటిక్ హార్డెనింగ్ గానీ, రెండూ కలిసిన కంబైన్డ్ గానీ తీసుకోండి.