మరిది టోకినా, నా పది-పద్దెనిమిది

"వదినా, 2.8 లేకపోతే పైసలు దండుగ."

మా మరిది మాట ఇది. హన్మకొండలో పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫొటోలు తీస్తాడు. తన దగ్గర టోకినా 11-16 మి.మీ. లెన్స్ ఉంది, ఎఫ్ 2.8ది. ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. నేను వైడ్ లెన్స్ (మి.మీ. అంకె తక్కువగా ఉండి, ఎక్కువ వెడల్పు ఒక్క ఫ్రేములో పట్టించేది) కొంటానన్నప్పటి నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా ఇదే పాట. నేనేమో హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషిని. ఆదివారాలు కెనాన్ 200డి భుజానేసుకుని గుళ్లూ గుట్టలూ తిరుగుతాను. బడ్జెట్ పదిహేను వేలు, సెకండ్ హ్యాండ్ అయినా ఫరవాలేదు. అన్నీ చూసుకున్నాక మరిది మాట పక్కన పెట్టి కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 తీసుకున్నాను. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి ఎందుకో రాస్తున్నాను.

ముందు అసలు వైడ్ లెన్స్ కావాలా అన్నది తేల్చుకోవాలి. నేను చేసిన పని చాలా తేలిక. పాత ఫొటోలన్నీ తెరిచి, కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో 18 దగ్గర తీసినవి మాత్రం విడిగా పెట్టుకున్నాను. వాటిలో నిజంగా చోటు చాలక చెడిపోయినవి ఎన్ని? ఓరుగల్లు కోటలో కీర్తి తోరణాలకు 18 చాలు, మైదానం ఉంది, నాలుగడుగులు వెనక్కి వేస్తే సరి. లక్నవరం వంతెనకూ అంతే. అక్కడ ఇంకా వెడల్పు కావాలంటే కెమెరాను నిలువుగా పట్టుకుని మూడు నాలుగు ఫొటోలు తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్లో అతికించుకోవచ్చు. హుగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని చక్కగా చేస్తుంది.

చెడిపోయినవన్నీ మండపాల లోపల తీసినవి. వెనక్కి జరుగుదామంటే వీపుకు స్తంభం తగులుతుంది. ఇక్కడ అతికించే ఉపాయం కూడా పారదు. దగ్గరి స్తంభం, దూరపు స్తంభం ఒక్కో ఫొటోలో ఒక్కో తీరుగా జరిగిపోయి, అతుకు దగ్గర రాయి విరిగినట్టు వస్తుంది. నాకు లెన్స్ అవసరం ఉందని అప్పుడు ఖాయమైంది. మీ ఫోన్లో 0.5 అని ఉంటే కొనే ముందు దానితో ఒక ఆదివారం తిరిగి చూడండి. చాలా ఫోన్లలో అది చూపించే వెడల్పు, మన కెమెరాల మీద 10 మి.మీ. లెన్స్ చూపించే దానికి దగ్గరగానే ఉంటుంది. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు కొంచెం లెక్క, నన్ను భరించాలి. 200డి సెన్సార్ వెడల్పు 22.3 మి.మీ. దాన్ని లెన్స్ మి.మీ.తో భాగించి, గోడకు మనకు ఉన్న దూరంతో గుణిస్తే ఎంత గోడ ఫ్రేములో పడుతుందో వస్తుంది. గోడకు 3 మీటర్ల దూరంలో నిలబడ్డారనుకోండి. 18 దగ్గర 3.7 మీటర్ల గోడ పడుతుంది. 12 దగ్గర 5.6, 11 దగ్గర 6.1, 10 దగ్గర 6.7. అంటే కింది కొసన ఒక్క మి.మీ. తగ్గితే అర మీటరుకు పైగా గోడ అదనంగా వస్తోంది. అదే 54కూ 55కూ మధ్య తేడా కంటికి ఆనదు. వైడ్ లెన్స్ చూసేటప్పుడు రెండో అంకె 16 అయినా 18 అయినా 20 అయినా పట్టించుకోకండి. మొదటి అంకె మీదే కూర్చోండి.

ఇక 2.8 సంగతి. మరిది చెప్పింది తన పనికి నూటికి నూరుపాళ్లు నిజం. ఫంక్షన్ హాల్లో వెలుతురు తక్కువ, పెళ్లికొడుకు తలంబ్రాలు పోస్తూ ఒక్కచోట ఉండడు. అక్కడ షటర్ వేగం కావాలి, దానికి ఎఫ్ 2.8 కావాలి. నేను తీసేది రాయి. అది ఎనిమిది వందల ఏళ్లుగా కదలలేదు. నా ఫొటోలో కదిలేది నా చెయ్యి ఒక్కటే. దాన్ని ఆపడానికి ట్రైపాడ్ వాడదామంటే వేయిస్తంభాల గుడి, కోట, రామప్ప మూడూ కేంద్ర పురావస్తు శాఖ కిందివే, ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆదివారం పొద్దున చెప్పుల్లో కాళ్లు పెట్టి బయల్దేరేవాళ్లకు ఆ కాగితాల పని ఎక్కడ కుదురుతుంది? మిగిలింది చేతి వణుకును సరిచేసే, లెన్స్‌లోని స్టెబిలైజర్. అది 10-18లో ఉంది, టోకినాలో లేదు. మరిది ఎఫ్ 2.8కి, నా లెన్స్ 4.5కి మధ్య తేడా ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు), ఇంకొక స్టాప్‌లో మూడో వంతు. స్టెబిలైజర్ నాలుగు స్టాపుల దాకా ఆదుకుంటుందని కెనాన్ అంటుంది. అందులో సగం నమ్మినా నా పనికి లాభమే. మండపంలో సాయంత్రం పూట 1/8 సెకనుకు చేత్తోనే తీస్తున్నాను, చెక్కడాలు గీత గీతా కనిపిస్తున్నాయి.

బరువు కూడా చూడండి. టోకినా 560 గ్రాములు, ఇది 240. మరిది లెన్స్ అడిగి తీసుకుని కోటంతా తిరిగిన రోజు నాకు మెడ పట్టేసింది. సిగ్మా 10-20 కూడా సెకండ్స్‌లో దొరుకుతుంది. గట్టి లెన్స్, కానీ దానికీ స్టెబిలైజర్ లేదు.

లెన్స్ పెట్టుకుని నేను ముందు వెళ్లింది పాలంపేటకే. రామప్ప రంగమండపంలో నాలుగు నల్లరాతి స్తంభాల నడుమ నిలబడి తలెత్తితే పైకప్పు నిండా చెక్కడాలు. 18తో ఎప్పుడు తీసినా ముక్కే వచ్చేది. ఈసారి తువాల నాలుగు మడతలు వేసి నేల మీద పరిచి, దాని మీద కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టి, లెన్స్ పైకి పెట్టాను. స్క్రీన్ పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి వంగి చూడొచ్చు. రెండు సెకన్ల టైమర్ పెట్టి పక్కకు తప్పుకున్నాను. పైకప్పు, చుట్టూ దూలాలు, నాలుగు స్తంభాల తలలు, అన్నీ ఒక్క ఫ్రేములో. ఒక మూలకు నా ముక్కు కూడా పడింది. మళ్లీ తీశాను. ఒక మాట మాత్రం చెప్పాలి, అక్కడి మదనికల (స్త్రీ శిల్పాల) కోసమైతే ఈ లెన్స్ దండగ. అవి పైన ఉంటాయి, వాటికి దూరాన్ని దగ్గరగా చూపించే 55-250 లాంటి లెన్స్ కావాలి.

వైడ్ అంటే అన్నీ పట్టించడం అనుకుంటారు గానీ, బయట అలా తీస్తే ఆకాశం, ఖాళీ నేల తప్ప ఏమీ మిగలవు. దగ్గరికి పోవాలి. ఇది సెన్సార్ నుంచి 22 సెం.మీ. దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. వేయిస్తంభాల గుడి నందికి చేయి చాపితే తగిలేంత దగ్గరగా వెళ్లి తీయండి. మూతి ముందుకొచ్చి, మెడలో గంటల వరుస వెనక్కి సాగి, గుడి చిన్నగా వెనక నిలబడుతుంది. కెమెరా పైకి ఎత్తకుండా మోకాళ్ల మీద కూర్చుని తిన్నగా పట్టుకోండి, లేదంటే స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి. స్క్రీన్ మీద గ్రిడ్ పెట్టుకుంటే తేలిక.

మనుషుల్ని మాత్రం అంచుల్లో నిలబెట్టొద్దు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఇంటివాళ్లందరినీ 10 దగ్గర ఒక్క ఫ్రేములో పట్టించాను. చివర్న నిలబడ్డ మా చిన్నమ్మ ఫొటో చూసి, "నన్నొక్కదాన్నే గింత లావు చేసినవేంది బిడ్డా?" అంది. 18కి జరిపి అందరినీ మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. పైనుంచి తెరుచుకునే ఫ్లాష్ కూడా 10 దగ్గర పనికిరాదు. దాని వెలుతురు మూలల దాకా పారదు, పైగా కింద లెన్స్ నీడ పడుతుంది.

కొన్నది కరీంనగర్‌లో, మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాకు మారిపోయిన ఒకాయన దగ్గర, పదకొండున్నర వేలకు. చాలామంది అటు మారుతున్నారు కాబట్టి పాత డీఎస్ఎల్ఆర్ (200డి లాంటి అద్దం ఉన్న కెమెరా) లెన్సులు బాగానే దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి కొట్టి ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. నాలుగు దుమ్ము కణాలుంటే ఫొటోలో ఏమీ తెలియదు. తర్వాత ఇటుక గోడకు ఎదురుగా తిన్నగా నిలబడి ఒక ఫొటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. నాలుగూ కొంచెం మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ తీరు. ఒక్క మూలే మసకబారితే అది ఎప్పుడో కింద పడిన లెన్స్ కావచ్చు. కెమెరా ఆఫ్‌లో ఉన్నప్పుడు ఫోకస్ రింగ్ తిప్పితే ఏమీ కాదు, చెడిపోయిందని కంగారు పడొద్దు, ఇలాంటి ఎస్‌టీఎం (ఫోకస్ రింగ్ కూడా మోటార్ ద్వారానే పనిచేసే) లెన్సులు అంతే. మౌంట్ (కెమెరాకు తగిలించే చోటు) ప్లాస్టిక్‌ది, బిగించేటప్పుడు దురుసు వద్దు.

నికాన్ వాళ్లకు ఇలాంటిదే ఏఎఫ్-పీ 10-20 వీఆర్ (వీఆర్ అంటే వాళ్ల స్టెబిలైజర్). కాకపోతే డీ3200, డీ5100 లాంటి పాత కెమెరాల మీద అది ఫోకస్ కాదు. నికాన్‌కు వచ్చే టోకినా 11-16 మొదటి రకంలో ఫోకస్ మోటార్ లేదు, డీ3000, డీ5000 వరుస కెమెరాల మీద చేత్తో తిప్పుకోవాల్సిందే. రెండో రకంలో మోటార్ ఉంది. అమ్మేవాళ్లను ఇది అడక్కుండా పైసలు ఇవ్వొద్దు. కిట్ లెన్స్ ముందు బిగించే వెయ్యి రూపాయల వైడ్ కన్వర్టర్ల జోలికి అసలే పోవద్దు, మూలలన్నీ పాకం కారినట్టు వస్తాయి.

మిగిలిన డబ్బులో పోలరైజర్ (మెరుపు తగ్గించి ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) కొందామనుకుని ఆగాను. ఇంత వెడల్పు లెన్స్ మీద అది ఆకాశాన్ని ఒకవైపు ముదురుగా, ఒకవైపు లేతగా చేస్తుంది. దాని బదులు హుడ్ (పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు తగిలించే తొడుగు) కొన్నాను. కెనాన్ ఈ లెన్స్‌తో పాటు హుడ్ ఇవ్వదు, విడిగా కొనుక్కోవాలి.