అడవి గడ్డి, తుంగ, వాటి గింజలు: నా ప్రిపరేషన్ అనుభవం

ఫారెస్ట్ పోస్టులకీ, బోటనీ లెక్చరర్ పోస్టులకీ చదువుతున్న మిత్రులకు నమస్కారం. మాది విజయనగరం జిల్లా. పోయేసీ (గడ్డి కుటుంబం), సైపరేసీ (తుంగ కుటుంబం) అనగానే మనలో చాలామంది పేజీ తిప్పేస్తాం. రంగు పువ్వు ఉండదు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఫొటో ఎంతసేపు చూసినా ఏదీ తేలదు. ఈ కుటుంబాల్ని బొమ్మలు చూసి బట్టీ పట్టకండి. మొక్కని చేతిలోకి తీసుకుని చదవండి. నాకు పట్టు దొరికింది అలాగే.

ముందు కాండం. రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. తుంగ కుటుంబం మొక్క అయితే సాధారణంగా మూడు అంచులు వేలికి తగులుతాయి, లోపల నిండుగా ఉంటుంది. గడ్డి కాండం గుండ్రంగా, స్పష్టమైన కణుపులతో, ఎక్కువ వాటిలో కణుపుల మధ్య బోలుగా ఉంటుంది. తర్వాత ఆకును మెల్లగా కిందికి లాగండి. గడ్డిలో ఆకు తొడుగు ఒక పక్క తెరిచి ఉంటుంది కాబట్టి సులువుగా విడిపోతుంది. తుంగలో చుట్టూ మూసుకుని ఉంటుంది, లాగితే చిరుగుతుంది. గడ్డి ఆకులు రెండు వరుసల్లో, తుంగ ఆకులు మూడు వరుసల్లో వస్తాయి.

తొడుగు, ఆకు కలిసేచోట గడ్డికి లిగ్యూల్ అనే పల్చటి పొర గానీ, వెంట్రుకల వరుస గానీ ఉంటుందని చదువుతాం. దీనికి మంచి మినహాయింపు మన వరి మళ్లలోనే ఉంది. వరికి లిగ్యూల్ ఉంటుంది, ఊద అనే కలుపు గడ్డికి ఉండదు. మా పిన్ని కలుపు తీసేటప్పుడు సరిగ్గా ఆ చోట ఒక్క చూపు చూసి ఊదను పీకేస్తుంది. మీ ఇళ్లలో వ్యవసాయం ఉంటే పెద్దవాళ్లతో ఓ పూట మడిలోకి దిగండి.

గడ్డిలాగే కనిపించే మరో కుటుంబం జంకేసీకి ఎక్కువ టైం పెట్టక్కర్లేదు. గుండ్రటి నిండు కాండం, కాప్స్యూల్ కాయ (ఎండి పగిలే కాయ), లోపల చాలా విత్తనాలు. అంతవరకు గుర్తుంటే చాలు.

అసలు రుచి గింజల దగ్గర ఉంది. గడ్డి గింజ కేరియాప్సిస్, తెలుగు మీడియం వాళ్లకు కవచబీజకం. ఫలకవచం (కాయ గోడ), బీజకవచం (విత్తనం పొర) అతుక్కుపోయి ఉంటాయి. తుంగలో కాయ గోడకి విత్తనం అలా అతుక్కోదు. కారెక్స్ అనే తుంగలో ఆ కాయ చుట్టూ యూట్రికిల్ అనే సంచి అదనం.

శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి వైపు, కార్తీకం ముందు రోజుల్లో చెట్ల నీడన నడిస్తే ప్యాంటు అంచుకి ఒప్లిస్మెనస్ అనే గడ్డి కంకులు అంటుకుంటాయి. దాని శూకాలకు (గింజ కొసన ఉండే పొడవాటి ముల్లులాంటి వెంట్రుకలకు) జిగురు ఉంటుంది, గింజల వ్యాప్తికి అదే సాయం. స్క్లీరియా అనే తుంగ కాయ అయితే తెల్లగా, గట్టిగా, పూసలా మెరుస్తుంది. ఎండ తగిలే రాతి వాలుల్లో హెటెరోపోగాన్ కంటార్టస్ అనే గడ్డిని చూడండి. ఎండిన గింజను అరచేతిలో పెట్టి, మెలి తిరిగిన శూకం మీద ఒక్క నీటి చుక్క వేయండి. కళ్ల ముందే మెలిక విప్పుకుంటూ తిరుగుతుంది. తడికీ పొడికీ అలా తిరుగుతూనే గింజ నేలలోకి దిగుతుంది. తేమను బట్టి జరిగే ఈ హైగ్రోస్కోపిక్ కదలికను ఆ రోజు తర్వాత నేను మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

నేలతాడితో జాగ్రత్త. ఆకులు గడ్డిలాగే ఉంటాయి కానీ నేలకి ఆనుకుని ఆరు భాగాల పసుపు పువ్వు కనిపిస్తుంది. అది హైపాక్సిడేసీ అనే వేరే కుటుంబం.

వెదురూ, సీతంపేట వైపు సంతల్లో అమ్మే కొండచీపురూ గడ్డి కుటుంబానివే. వెదురును చట్టాలతో కలిపి చదవండి. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 1927 భారత అటవీ చట్టంలో చెట్టు నిర్వచనం నుంచి వెదురును 2017 సవరణ తీసేసింది. అడవి కాని భూముల్లో పెంచే రైతుకు నరికివేత, రవాణా అనుమతుల బాధ తప్పించడానికి చేసిన మార్పు అది. ముళ్ల వెదురు దశాబ్దాల తర్వాత ఒక్కసారి పూసి, వెదురు బియ్యం రాల్చి చనిపోతుంది.

ఫారెస్ట్ పోస్టులకి ఎలాగూ 4 గంటల్లో మగవాళ్లు 25, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాలి. ప్రాక్టీసు నడక అయ్యాక కాసేపు ఈ పని పెట్టుకుంటే రెండూ సాగుతాయి. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు మంచి సమయం, ఆ తర్వాత చాలా గింజలు రాలిపోతాయి. రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా ఏదీ కోయకండి. చెరువు గట్లు, ఊరి బంజర్లు మనకి చాలు.

10 రెట్లు చూపించే చేతి లెన్స్ ఒకటి కొనుక్కోండి. గింజల్ని పాలిథిన్‌లో కాకుండా కాగితం పొట్లాల్లో దాచండి, బూజు పట్టదు. పొట్లం లోపలి వైపు చోటు, తేదీ, నీడా ఎండా, కాండం గుండ్రమా మూడంచులా అన్నది రాయండి. వారానికోసారి ఇద్దరు కూర్చుని పొట్లాలు కలిపేసి, ఒకరు గింజ చూపిస్తే ఇంకొకరు ముందు కుటుంబం, తర్వాత ప్రజాతి (జీనస్), చివరికి కారణం చెప్పాలి. కారణం చెప్పలేకపోతే ఆ పొట్లం మళ్లీ వచ్చే వారానికి.