ఎల్లుండి పోయే తండ్రిని ఏ గడిలో రాయాలి?

అమెరికాలో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో 23 శాతం మంది తల్లిదండ్రుల్లో ఒక్కరి దగ్గరే పెరుగుతున్నారని, మన దేశంలో అలాంటివారు 5 శాతమేనని, 2019లో అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 130 దేశాల లెక్కలను పోల్చి చెప్పింది. ఆ అంకెలను మా బడిలో ఒక మిత్రుడు చదివి వినిపించి, "చూసినవా, మన ఇండ్లు ఎంత గట్టిగున్నయో" అన్నాడు. అంకె తప్పు కాదు, ఆయన నిర్వచనం చదవలేదు, అంతే. ఇంట్లో పెద్దవాళ్లు మరెవరూ లేనప్పుడే ఆ బిడ్డను ఆ ఖాతాలో వేశారు. తల్లితో పాటు అమ్మమ్మ కూడా ఉంటే, తండ్రి ముఖం చూసి ఏళ్లు గడిచినా ఆ బిడ్డ 5 శాతంలోకి రాదు. మా మహబూబ్‌నగర్ పట్టణంలో భర్త దూరమైన తల్లి చాలావరకు పుట్టింటికే చేరుతుంది గనుక, ఆ చిన్న అంకె తండ్రుల గురించి కంటే అమ్మమ్మల గురించే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వేకు నేనూ ఇల్లిల్లూ తిరిగాను. పేరు ఎక్కకపోతే రేషన్ కార్డు పోతుందన్న భయంతో ముంబై, పుణె వెళ్లిన పాలమూరు కూలీలు బస్సుల్లో, రైళ్లలో కిక్కిరిసి వచ్చిన రోజది. ఒక ఇంట్లో గడప పక్కన సంచి ఇంకా విప్పకుండానే ఉంది. నాలుగేళ్ల పిల్ల తండ్రి లుంగీ పట్టుకొని వదలడం లేదు. "నిన్న రాత్రి బస్సుకు వచ్చిండు సార్, ఎల్లుండి పోతడు" అన్నది తల్లి. నేను ఆయన్ను ఇంట్లో ఉన్నట్టే రాశాను. ఆ ఒక్క రోజు లెక్క చూసి మా పట్టణంలో తండ్రులందరూ ఇంటిపట్టునే ఉన్నారని ఎవరైనా తేల్చితే, ఆ తప్పులో నా కలానికీ వాటా ఉంది.

జనగణన నిర్వచనంలోనూ ఈ మెలిక ఉంది: మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు కుటుంబం, పని అవసరం అడ్డొస్తే తప్ప. పాలమూరులో ఆ "తప్ప" దగ్గరే కథంతా ఉంది.

స్త్రీలే ఇంటి పెద్దలుగా ఉన్న కుటుంబాలు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 శాతం, 2019-21లో 18 శాతం. దీన్ని తండ్రులు వదిలేసి వెళ్తున్నారనడానికి రుజువుగా చూపేవాళ్లున్నారు. అయితే వితంతువు, వలస పోయినవాడి భార్య, ఇంటి పెద్ద నేనేనని చెప్పే ముసలి తల్లి, అందరూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నారు. అదే సర్వేలో పిల్లలు ఎవరితో ఉంటున్నారో చెప్పే పట్టిక మేలు. తండ్రి బతికి ఉండి ఇంట్లో లేకపోవడాన్నీ, తండ్రి చనిపోవడాన్నీ అది వేరువేరుగా లెక్కిస్తుంది.

లుంగీ పట్టుకున్న ఆ పిల్ల తర్వాత మా బడిలోనే చేరింది. మూడేళ్లపాటు ప్రోగ్రెస్ కార్డు మీద నానమ్మ వేలిముద్రే పడింది. పరీక్షలు అయిన వారానికి పుణె నుంచి ఫోన్ చేసి లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయని అడిగేది మాత్రం తండ్రే.