సోమవారం గడి

అన్నయ్యా వదినా అమ్మని తీసుకుని సింగపూర్ వెళ్తున్నారు, ఏ రోజు ఎక్కడ తినాలో గడులు గీసి రాసిచ్చే పని నాది. వదిన పంపిన రీలు తొమ్మిదింటి నుంచీ బుర్ర తినేస్తోంది. సింగపూర్‌లో తినాల్సిన పది చోట్లట. నిమిషం కూడా లేదు. దాని కింద వదిన మెసేజ్: "ఇవి చూసుకుంటే చాలు కదా, అన్నీ కవరైపోతాయి?"

చాలదు వదినా. ఆ పదింట్లో ఒక్కదానికీ స్టాల్ నంబరు చెప్పలేదు. ఏ రోజు సెలవో, ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి సరుకు అయిపోతుందో ఏదీ లేదు. "చైనాటౌన్ కాంప్లెక్స్‌కి వెళ్లి తినండి" అని మాత్రం ఉంది. అక్కడ ఒకే కప్పు కింద 200కి పైగా తిండి స్టాళ్లున్నాయి. ఏసీ ఉండదు, ఫ్యాన్లే. అమ్మని ఆ ఉక్కలో నిలబెట్టి ఏ స్టాలని వెతుకుతారు?

నంబరు ఎలా చదవాలో ముందు రాసేస్తా. 01-10 అని ఉంటే మొదటి రెండంకెలూ అంతస్తు, తర్వాతవి స్టాల్. అక్కడ నేలమట్టమే 01. అంటే 02 మన లెక్కలో ఫస్ట్ ఫ్లోర్. చైనాటౌన్ కాంప్లెక్స్‌లో తిండంతా 02లో ఉంటుంది. కింద బట్టలూ సామాన్లూ, బేస్‌మెంట్‌లో కూరగాయలూ చేపలూ. హాకర్ సెంటర్ (ఇలా ఒకే కప్పు కింద తిండి స్టాళ్లుండే చోటు) పేరు చెప్పి నంబరు చెప్పనివాళ్లు సగమే చెప్పినట్టు.

ఇక రోజు. వీళ్లు దిగేది సోమవారం పొద్దున. నన్ను నిద్రపోనివ్వనిది అదే. కూరగాయలూ చేపలూ అమ్మే మార్కెట్లలో సోమవారం చాలా కొట్లు మూసి ఉంటాయి, దాంతో ఎంతోమంది హాకర్లు కూడా ఆ రోజే సెలవు పెట్టుకుంటారు. పేరున్న స్టాళ్లలో సోమవారం తలుపు వేసుండేవి బోలెడు. అది చాలదన్నట్టు, మూడు నెలలకోసారి సెంటర్ మొత్తం మూసి కడుగుతారు. ఆ తేదీలని అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ముందుగానే తన వెబ్‌సైట్లో పెడుతుంది. టికెట్లు కొన్న రోజునే చూసుకోవాల్సిన పేజీ అది. రీలు చేసినవాళ్లకి ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో వాళ్లు జున్ను సాగదీసి చూపించారు. మూసిన షట్టరు ముందు నిలబడేది వాళ్లు కాదుగా.

శని ఆదివారాలకి ఇంకో చిక్కుంది. అమోయ్ స్ట్రీట్ సెంటర్ లాంటివి ఆఫీసుల మధ్య ఉన్నవి. వారాంతంలో సగానికి సగం స్టాళ్లు తెరవరు. మామూలు రోజుల్లో అయితే 12 నుంచి ఒకటిన్నర దాకా కుర్చీ దొరకదు. పదకొండుంబావుకి వెళ్తే హాయిగా కూర్చుని తినొచ్చు. రెండు దాటాక వెళ్తే మంచి స్టాళ్లలో గిన్నెలు కడుగుతుంటారు.

వదినకి మొదట ఒక్క ముక్కే రాద్దామనుకున్నా: రీలు పక్కన పెట్టండి, పెద్ద క్యూ ఎక్కడుంటే అక్కడ నిలబడండి అని. టైపు చేశాను కూడా. పంపబోతుంటే చార్ క్వే టియావ్ అనే నూడుల్స్ వేయించే మూకుడు గుర్తొచ్చింది.

అది గుర్తొస్తే ఇక వేరే ఏదీ రాయబుద్ధి కాదు. మూకుడు కింద మంట హోరుమంటూ ఉంటుంది. ముందు పంది కొవ్వు, అది కరగ్గానే సన్నగా కొట్టిన వెల్లుల్లి. వెల్లుల్లి మాడేలోపే వెడల్పాటి బియ్యపు నూడుల్స్, వాటితోపాటు పసుపు రంగు గోధుమ నూడుల్స్ కొన్ని. గరిటె అంచుతో నాలుగు ఎగరవేతలు, చిటికెడు నీళ్ల చిలకరింపు. నూడుల్స్‌ని ఒక పక్కకి నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్డు కొట్టి, అది సగం గట్టిపడగానే నూడుల్స్‌ని దాని మీదకి తిరగేస్తారు. అప్పుడు నల్లటి తియ్య సోయా సాసు, మొలకలు, చైనా సాసేజ్ ముక్కలు. కాకిల్స్, అంటే గుల్లల్లోని మాంసం, అన్నిటికన్నా ఆఖర్న. వాటికి వేడి తగిలితే చాలు, అరనిమిషం ఎక్కువైతే రబ్బరులా సాగుతాయి. మొత్తం రెండు మూడు నిమిషాల పని. తర్వాత మూకుడు గీకి, మళ్లీ కొవ్వుతో మొదలు.

మంచి చెయ్యి ఉన్నవాళ్లు ఒక్కోసారి ఒకటి రెండు ప్లేట్లకి మించి వేయించరు. ఆరు ప్లేట్ల సరుకు ఒకేసారి కుమ్మరిస్తే మూకుడు చల్లబడుతుంది. నూడుల్స్ వేగడం ఆగి, తమ ఆవిరిలో తామే ఉడికి ముద్దయిపోతాయి. ఆ పొగ తగిలిన వాసన రాదు. కాంటనీస్‌లో దాన్ని వొక్ హే అంటారు, అది లేకపోతే ఆ ప్లేటులో మిగిలేది తియ్యటి సాసు కలిపిన నూడుల్సే.

కాబట్టి అక్కడ పదిహేనుమంది నిలబడి ఉంటే, ఒక్కో ప్లేటుకి మూడు నిమిషాలు వేసుకున్నా ముప్పావుగంట. చికెన్ రైస్ స్టాల్ దగ్గర అదే పదిహేనుమంది పదిహేను నిమిషాల్లోపే కదిలిపోతారు, కోడి ముందే ఉడికి వేలాడుతూ ఉంటుంది, కొట్టి అన్నం మీద పెట్టడమే. క్యూ పొడుగు వంట ఎంత నెమ్మదో చెబుతుంది. రుచి ఎలా ఉంటుందో చెప్పదు. వదినకి టైపు చేసింది చెరిపేశాను.

చూడాల్సింది క్యూని కాదు, మూకుణ్ణి. వేయించి పక్కన గుట్టగా పోసి ఉందా, అడిగినప్పుడు వేస్తున్నారా. క్యూ లేకపోయినా అప్పటికప్పుడు వేయించే స్టాల్ దొరికితే కూర్చోవడమే. క్యూలో ఎవరున్నారో కూడా చూడాలి. మెడలో ఆఫీసు ఐడీలు వేలాడుతుంటే మంచి గుర్తు, వాళ్లకి ఉన్నది గంటే, రోజూ తింటారు, బాగోలేకపోతే పక్క స్టాల్‌కి పోతారు.

అద్దం మీద అంటించిన మిషెలిన్ (హోటళ్లకి నక్షత్రాలిచ్చే గైడ్) స్టిక్కర్లు చూసి అన్నయ్య ఆగిపోతాడు, తెలుసు. వాటి మీద సంవత్సరం ఉంటుంది, అది చదవాలి. సింగపూర్‌కి ఆ గైడ్ వచ్చింది 2016లో. ఆ మొదటి ఏడే రెండు హాకర్ స్టాళ్లకి ఒక్కో నక్షత్రం ఇచ్చారు. అందులో ఒకదానికి 2021లో అది పోయింది. పాత స్టిక్కరు మాత్రం ఎవరూ పీకరు. ఇంకో రకం ఎర్ర స్టిక్కరు, బిబ్ గూర్మాండ్, నక్షత్రం కాదు, తక్కువ ధరలో బాగుంటుందన్న మెప్పు. సింగపూర్‌లో దానికి హద్దు 45 డాలర్లు. హాకర్ స్టాళ్లకి ఎక్కువగా వచ్చేది ఇదే.

అన్నయ్య సంగతి సులువే. అన్నీ తింటాడు. వదిన పంది, గొడ్డు తినదు. ఆమెకి ముస్లిం స్టాళ్లలో పంది భయం లేదు, ఆకుపచ్చ హలాల్ సర్టిఫికెట్ చూసుకుంటే సరి, గొడ్డు మాత్రం అడిగి తప్పించుకోవాలి. ట్రేలు తిరిగి పెట్టే చోట హలాల్‌కి వేరే అరలుంటాయి, కలపకూడదు. ట్రే టేబుల్ మీద వదిలేసి లేచిరావడం కుదరదక్కడ. 2021 సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో గట్టిగా పట్టుకుంటున్నారు. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు.

అమ్మ సంగతే చిక్కు. శాకాహారి, పైగా కార్తీకమాసం, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా.

మాంసం కనపడకపోతే శాకాహారమే అనుకుంటే అక్కడ దెబ్బతింటారు. చికెన్ రైస్‌లో ముక్కలు తీసేసి అన్నం పెట్టమంటే కుదరదు, ఆ బియ్యాన్ని కోడి కొవ్వులో వేయించి కోడి ఉడికిన నీళ్లలోనే వండుతారు. సంబల్ అంటే మిరపకాయ పచ్చడే కదా అని అమ్మ వేసుకుంటుంది, అందులో బెలచాన్ ఉంటుంది, పులియబెట్టిన రొయ్యల ముద్ద. పళ్లముక్కల రోజాక్ మీద పోసే నల్లటి సాసు కూడా రొయ్యలదే. లక్సా పులుసులో ఎండు రొయ్యలు. క్యారట్ కేక్ అన్న పేరు చూసి పిల్లలకి స్వీటని కొనేస్తారు. అందులో క్యారట్ లేదు, కేకూ కాదు, తెల్ల ముల్లంగీ బియ్యప్పిండీ కలిపి ఆవిరి మీద ఉడికించి గుడ్డుతో వేయించిన ముక్కలు. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ సాసు. వెజిటేరియన్ అని ఒక్క మాట చెబితే చాలదు, విడివిడిగా చెప్పాలి: నో మీట్, నో ఫిష్, నో ప్రాన్, నో ఎగ్, నో ఆయిస్టర్ సాస్. అన్నీ చెప్పాక అంకుల్ తల అడ్డంగా ఊపితే అక్కణ్ణుంచి వచ్చేయడమే, ఆయన నిజం చెప్పినట్టు.

ఇక్కడిదాకా వచ్చి, అమ్మకి టెక్కా సెంటర్ ఒక్కటే దారి అని రాయబోయాను. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే, దోసె దొరుకుతుంది, బోర్డు మీద తోసై అని ఉంటుంది. సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచీ నడుస్తున్న కోమల విలాస్ ఉంది, శాకాహారమే. ఇడ్లీ తినడానికి సింగపూర్ దాకా వెళ్లాలా అని అన్నయ్య అంటాడు. అననీ. విమానం దిగిన పూట అరవై దాటిన మనిషికి కడుపులో తెలిసిన తిండి పడాలి.

కానీ ఉల్లి? సాంబారులో ఉంటుంది, కుర్మాలో ఉంటుంది, వడలో ఉంటుంది. మన హోటల్లోనే అమ్మకి ఉత్త ఇడ్లీ, పెరుగన్నం మిగులుతాయి. ఇది రాత్రి పదకొండుకి గానీ నాకు తట్టలేదు.

ఆమెకి కుదిరేవి చైనీస్ శాకాహార స్టాళ్లు. బౌద్ధ నియమం పాటించేచోట ఉల్లీ వెల్లుల్లీ రెండూ నిషిద్ధం, మన కార్తీక నియమం లాగానే. అడిగి తీరాలి, ఎందుకంటే అన్నీ ఆ నియమం పాటించవు, కొన్నిట్లో గుడ్డూ ఉంటుంది. చెప్పాల్సిన మాట: నో ఆనియన్, నో గార్లిక్, నో ఎగ్. అమ్మకి ముందే చెప్పి ఉంచాల్సింది ఇంకోటుంది, ప్లేట్లో బాతు ముక్కలా, చేప ముక్కలా ఉన్నవి కనిపిస్తాయి. అవి గోధుమ జిగురుతో, సోయాతో చేసినవి. చెప్పకపోతే కుర్చీలోంచి లేచిపోతుంది. వాటి జోలికి పోకుండా సన్న బియ్యపు సేమ్యా, క్యాబేజీ, పుట్టగొడుగులు, టోఫు వేలుతో చూపించి పెట్టించుకోవచ్చు.

చాంద్రమాసంలో ఒకటో రోజూ పదిహేనో రోజూ చాలామంది చైనీయులు మాంసం మానేస్తారు, ఈ స్టాళ్లన్నీ ఆ రెండు రోజులూ కిటకిటలాడతాయి. ఆ పదిహేనో రోజు మన పున్నమికి అటూ ఇటూగా పడుతుంది. కార్తీక పౌర్ణమికి వీళ్లు అక్కడే ఉంటారు. ఆ రోజు పదకొండుకే తినెయ్యాలని నోట్సులో రెండుసార్లు గీత గీశాను.

మిగతావి వదిన దారిలో చదువుకుంటుంది. స్టాళ్లలో కార్డు నమ్ముకోవద్దు, రెండు, అయిదు, పది డాలర్ల నోట్లుంచుకోండి. ముందు అమ్మని కూర్చోబెట్టండి, తర్వాత క్యూ. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టుంటే అది ఎవరో పట్టుకున్న చోటు, కదపకండి. టిష్యూలు స్టాల్ వాళ్లివ్వరు, బ్యాగులో ఉండాలి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా తీసుకెళ్లండి, రైల్లో మాత్రం గుటక కూడా వెయ్యకూడదు. ఏసీ రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్టీ. 20 డాలర్లన్నది 23.98 అవుతుంది. అడక్కుండా ముందు పెట్టే వేరుశనగలకీ తడి తువ్వాలుకీ కూడా బిల్లు పడొచ్చు, వద్దంటే తీసుకెళ్తారు. కాఫీ అంటే డబ్బా పాలతో తియ్యగా వస్తుంది. అన్నయ్యకి చక్కెర లేనిది కావాలి, కాబట్టి కోపి ఓ కొసోంగ్. పాలు ఉండవు, చక్కెర ఉండదు.

సోమవారం గడి ఒక్కటీ పదకొండున్నర దాకా ఖాళీగా ఉండిపోయింది. హాకర్ సెంటర్ వద్దు, మన హోటల్లో ఉల్లి. చివరికి మిడిల్ రోడ్డు మీద ఫార్చ్యూన్ సెంటర్ అని రాశాను. పాత భవనం, లోపల శాకాహార కొట్లు వరసగా ఉంటాయి, ఒకటి మూసినా పక్కది ఉంటుంది. బెన్‌కూలెన్ స్టేషన్ దగ్గర. పక్కనే వాటర్‌లూ స్ట్రీట్‌లో 1870 నాటి కృష్ణుడి గుడి, దానికి ఆనుకున్నట్టే కువాన్ ఇమ్ అమ్మవారి గుడి. అక్కడ దణ్ణం పెట్టుకుని వచ్చిన చైనీయులు కృష్ణుడి దగ్గరా అగరొత్తులు వెలిగిస్తారు. మధ్యాహ్నం కృష్ణుడి గుడి మూసేస్తారు, కాబట్టి పదకొండు లోపు దర్శనం, తర్వాత భోజనం.

వదినకి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. "అత్తయ్యకి గుడి సంగతి రేపు పొద్దున చెప్తా, ఇప్పుడు చెబితే నిద్రపోదు" అని జవాబొచ్చింది.